కూడూ గుడ్డా పాఠమైతే

కూడు, గుడ్డ, గూడు అని మూడింటినీ ఒక్క గుక్కలో అనేస్తాం. బతుక్కి అంతకంటే ముందు కావలసింది లేదని అందరం ఒప్పుకున్న మాట అది. బడిలో మాత్రం వాటికి దక్కిన చోటు చాలా చిన్నది. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి పరీక్ష అంటే మూడు భాషలు, లెక్కలు, సైన్సు, సోషల్. ఆహారం సైన్సు పుస్తకంలో ఒకటి రెండు పాఠాల్లో కనబడి వెళ్లిపోతుంది. బట్ట ఇంకా త్వరగా వెళ్లిపోతుంది. టైంటేబుల్లో ‘పని విద్య’ అని ఒక గడి ఉంటుంది. పరీక్షలు దగ్గరపడ్డాక ఆ గడి లెక్కలకో ఇంగ్లీషుకో పోతుందని బడిలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఆహారం, వంట, వస్త్రం కలిపి ఒక సబ్జెక్టు చేసి, ఆరు నుంచి పది దాకా ఆడపిల్లలకూ మగపిల్లలకూ అందరికీ చెప్పి, పరీక్ష పెట్టాలా అన్నది ఇక్కడి ప్రశ్న. దాని మీద ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఒకరు హోంసైన్స్ లెక్చరర్. మరొకరు ప్రభుత్వ హైస్కూల్ హెడ్మాస్టర్, లెక్కలు చెప్పే మనిషి. ఇద్దరూ వాదం కోసం నేను కల్పించుకున్నవాళ్లే. వాళ్లు తెచ్చే సాక్ష్యాలు మాత్రం కల్పన కావు. నా మొగ్గు లెక్చరర్ వైపే. అయినా హెడ్మాస్టర్ లేవనెత్తిన అభ్యంతరాల్లో ఒకదాన్ని తోసిపుచ్చడం నావల్ల కాలేదు.

హెడ్మాస్టర్: సూటిగా అడుగుతాను మేడమ్. వంట ఇంట్లో వస్తుంది, బట్ట కొట్లో దొరుకుతుంది. వీటికి బడి ఎందుకు? మాకున్న సమయమే తక్కువ. ఏడో తరగతికి వచ్చి కూడా భాగహారం తడుముకునే పిల్లలున్నారు. వాళ్లను ఒడ్డుకు చేర్చడానికే రోజు సరిపోవడం లేదు. ఆవకాయ ఎలా కలపాలో అమ్మమ్మ చెప్తుంది, ఆవిడ లేకపోతే యూట్యూబ్ చెప్తుంది. బీజగణితం ఏ అమ్మమ్మ చెప్తుంది? ఇంట్లో దొరకనిదేదో అదే బడి ఇవ్వాలి.

లెక్చరర్: ఆ చివరి మాట నాకూ సమ్మతమే సార్. అయితే ఇంట్లో దొరికేదేమిటో, దొరకనిదేమిటో విడదీసి చూద్దాం. ఇంట్లో దొరికేది చేతివాటం. దొరకనిది కారణం. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టొద్దని ప్రతి ఇంట్లోనూ అంటారు. ఎందుకు పెట్టకూడదో చెప్పేవాళ్లు అరుదు. ఉప్పు నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. ఆవపిండి ఘాటు వాటిలో కొన్నింటిని ఎదగనివ్వదు. పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది. తడి గరిటె పెట్టగానే ఆ కాపలా ఒకచోట సడలుతుంది, బూజు అక్కడ మొదలవుతుంది. ఈ సంగతి తెలిసిన పిల్ల, ఇంట్లో నాన్నకు బీపీ అని ఉప్పు తగ్గించి పచ్చడి పెట్టినప్పుడు, దాన్ని బయట ఏడాది పాటు ఉంచకూడదని తనంతట తానే తేల్చుకుంటుంది. చేతివాటం పాత పనికే పనికొస్తుంది. కారణం తెలిస్తే కొత్త సందర్భంలోనూ దారి దొరుకుతుంది.

ఇంకొకటి చూడండి. రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 చేర్చిన గింజలు కలిపి పంచడం మొదలుపెట్టినప్పుడు మన ఊళ్లలో పుట్టిన పుకారు గుర్తుంది కదా, ‘ప్లాస్టిక్ బియ్యం’ అని. బియ్యప్పిండిలో పోషకాలు కలిపి, యంత్రంలో మళ్లీ గింజ ఆకారంలో నొక్కి, వందకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. ఆ గింజ రంగు కాస్త తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలుతాయి కూడా. దాంతో ఆ గింజల్ని ఏరి పారబోశారు. ఏ ఇంటికి ఇనుము కావాలని పంపారో ఆ ఇంటి చాటలోంచే అది బయటికి పోయింది. అక్కడ అమ్మమ్మ అనుభవం ఎందుకూ పనికిరాలేదు, ఆవిడ కాలంలో ఆ గింజ లేదు కనుక. యూట్యూబ్ సంగతంటారా, పుకారును ఊరూరా తిప్పింది ఫోన్లే.

హెడ్మాస్టర్: పుకారుకు విరుగుడు ప్రచారం, సబ్జెక్టు కాదు. ఇనుము సంగతి మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. రక్తహీనత బీదరికం వల్ల వస్తుందా, పాఠం లేకపోవడం వల్లా? పప్పు, గుడ్డు, మాంసం కొనలేని ఇంటి పిల్లకు పోషకాల పట్టిక బట్టీ పట్టిస్తే కడుపు నిండుతుందా? తిండి లేనివాడికి తిండి గురించి పాఠం చెప్పడం నా దృష్టిలో అన్యాయం.

లెక్చరర్: తిండి ఇవ్వకుండా పాఠం చెప్తే అన్యాయమే. ఆ మాటను నేను కాదనను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉండాలా, పాఠం ఉండాలా అంటే గుడ్డే ఉండాలంటాను. కానీ లెక్కలు ఏం చెప్తున్నాయో చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దేశం మొత్తం మీద బాగా కలిగిన వర్గంలోనూ దాదాపు సగం మంది ఆడవాళ్లు రక్తహీనులే. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36.3 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. తిండి చాలకపోవడం ఒక్కటే కారణమైతే ఈ అంకెలన్నీ ఒకేచోట పోగవకూడదు. తిన్నదాంట్లో ఏముంది, తిన్నది ఒంటికి ఎంత పడుతోంది అన్న ప్రశ్నలు కూడా ఉన్నాయి.

ఒంటికి పట్టడం గురించి ఒక పాఠం ఎలా ఉంటుందో చెప్తాను. శ్రీకాళహస్తి కలంకారీ పని చూస్తే, ముందు బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ నిండా టానిన్ ఉంటుంది. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లలో కలం ముంచి ఆ బట్ట మీద గీత గీస్తారు. గీత పడిన చోట ఇనుము, టానిన్ కలిసి నల్లగా బిగుసుకుంటాయి. ఇక ఉతికినా ఆ నలుపు వదలదు. ఇప్పుడు అదే తరగతి గదిలో ఒక గ్లాసు టీ డికాక్షన్ పెట్టి, చిటికెడు అన్నభేది వెయ్యండి. సిరాలా నల్లబడుతుంది. టీలో ఉన్నదీ టానినే, అన్నభేదిలో ఉన్నదీ ఇనుమే. పిల్లలకు వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది కూడా ఆ ఇనుమే. అన్నం తినగానే టీ తాగినా, మాత్రను టీతో మింగినా, బట్ట మీద జరిగినదే కడుపులో జరుగుతుంది. ఇనుము టానిన్‌ను పట్టుకుని పేగుకు దక్కకుండా పోతుంది. అదే పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఈ పాఠానికి అయ్యే ఖర్చు ఒక టీ, ఒక నిమ్మకాయ. కొనే శక్తి పెరగకపోయినా, కొన్నదాంట్లోంచి దక్కేది పెరుగుతుంది. ఆహారాన్నీ బట్టనూ ఒకే సబ్జెక్టులో ఎందుకు పెట్టమంటున్నానో కూడా ఇక్కడే కనబడుతుంది. రెండూ ఒకే రసాయనశాస్త్రం. ఒకటి తింటాం, ఒకటి కట్టుకుంటాం.

హెడ్మాస్టర్: పాఠం బాగుంది. దాన్ని సైన్సు పుస్తకంలో చేర్చండి, నేనే చెప్పిస్తాను. విడిగా సబ్జెక్టు అనగానే ఏమవుతుందో చరిత్రలో ఉంది. హోంసైన్స్ అంటే ఆడపిల్లల సబ్జెక్టు అయిపోతుంది. పెళ్లికి తయారు చేసే చదువుగా దిగజారుతుంది. లెక్కలు, ఫిజిక్సు తీసుకోవలసిన ఆడపిల్లను ‘నీకు ఇది చాలు’ అని పక్కకు నెట్టడానికి అది సాకు అవుతుంది.

లెక్చరర్: అలాగే జరిగింది, నిజం. 1952–53 మొదలియార్ కమిషన్ హోంసైన్స్ ఏర్పాట్లు ఆడపిల్లల కోసం చెయ్యమంది. అయితే దాని తర్వాత పదేళ్లకే హంసా మెహతా కమిటీ ఇంకో మాట చెప్పింది. ఆడపిల్లలకొక చదువు, మగపిల్లలకొక చదువు అన్న విభజనే తప్పనీ, ఇంటి శాస్త్రం ఇద్దరికీ ఉమ్మడిగా ఉండాలనీ సూచించింది. మనం మొదటి మాటను పట్టుకుని రెండోదాన్ని వదిలేశాం. జపాన్‌లో కూడా హైస్కూల్లో ఇది ఒకప్పుడు ఆడపిల్లలకే తప్పనిసరి. మహిళల పట్ల వివక్షను తొలగించే అంతర్జాతీయ ఒప్పందాన్ని 1985లో ఆమోదించాల్సి వచ్చినప్పుడు ఆ తేడా వాళ్లకు అడ్డొచ్చింది. సబ్జెక్టును తీసెయ్యలేదు వాళ్లు. 1993లో మాధ్యమిక బడుల్లో, 1994లో హైస్కూళ్లలో మగపిల్లలకూ తప్పనిసరి చేశారు. మన దగ్గర 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనిచేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. మగవాళ్లలో ఆ పనికి చెయ్యి కలిపేవాళ్లే నూటికి 26 మంది, వాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ‘వంట ఇంట్లో వస్తుంది’ అన్నారు మీరు. ఎవరికి వస్తోంది సార్? ఇంటికి వదిలేస్తే అది ఆడపిల్లకే వస్తుంది. మగపిల్లవాడి చేతికి కత్తిపీటో చాకో ఇవ్వగలిగినది బడి ఒక్కటే.

హెడ్మాస్టర్: సరే, ఆడ మగ సంగతి సర్దుకోవచ్చు. నా అసలు భయం వేరే. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బడులకు ఒక పద్ధతి తెచ్చింది. ఆంధ్ర జిల్లాలు అప్పటికింకా ఆ రాష్ట్రంలోవే. పిల్లవాడికి రోజుకు మూడు గంటలే బడి. మిగతా సమయంలో ఇంట్లో తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. అంటే నేతగాడి పిల్లవాడికి మగ్గం, కుండలు చేసేవాడి పిల్లవాడికి సారె, పాలేరు కొడుక్కి పశువులు. అది కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ వచ్చాక ఎత్తేశారు. ఆ గాయం ఇంకా మానలేదు మేడమ్. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము పోగొట్టుకున్న తల్లిదండ్రులు పిల్లను బడికి పంపేది ఆ గుంటలోంచి పైకి రావాలని. పైకి వచ్చిన పిల్లకు బడిలోనూ మగ్గమే చూపిస్తారా? ఇంగ్లీషు మీడియం పిల్లలు కోడింగ్ నేర్చుకుంటుంటే మా పిల్లలు నూలు వడకాలా? చేతిపనిని గౌరవించాలని ఉపన్యాసం ఇచ్చేవాళ్ల పిల్లలు ఆ పని చెయ్యడం నేను ఎక్కడా చూడలేదు.

లెక్చరర్: ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1953 పద్ధతిలో ఉన్న తప్పు ఏమిటో స్పష్టంగా చెప్పుకుంటే నేను అడుగుతున్నది దానికి తలకిందులని తెలుస్తుంది. అక్కడ ప్రతి పిల్లవాడూ తన తండ్రి పని నేర్చుకోవాలి. పైగా అది బడి సమయాన్ని కోసేసి, బడికి బయట, కారణం చెప్పేవాళ్లు లేని చోట. నేనడిగేది డాక్టరు కొడుకూ నేతగాడి కూతురూ ఒకే బల్ల మీద ఒకే దారాన్ని పరీక్షించాలని. నేతగాడి కూతురికి మగ్గం నేర్పడానికి బడి అక్కర్లేదు. తన ఇంట్లో జరిగే పనిలో ఎంత గణితం, ఎంత రసాయనం ఉందో చెప్పడానికి కావాలి. మీరు లెక్కల మనిషి కాబట్టి నూలు కౌంటు సంగతే తీసుకోండి. 840 గజాల చిలపలు ఎన్నయితే ఒక పౌను తూగుతాయో ఆ నూలు అన్ని కౌంట్లు. 100 కౌంటు అంటే పౌనుకు 84,000 గజాలు. ఒక గ్రాముకు ఎన్ని మీటర్లు?

హెడ్మాస్టర్: గజం 0.9144 మీటరు, పౌను 453.6 గ్రాములు... దగ్గర దగ్గర 169 మీటర్లు.

లెక్చరర్: చిటికెడు దూదిలోంచి 169 మీటర్ల దారం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో అలాంటి సన్న నూలు చేత్తో వడికే ఆడవాళ్లు దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నటి పళ్లు దూది పోగును గింజ నుంచి, చెత్త నుంచి విడదీసి ఒకే వైపుకు సాపు చేస్తాయి. పోగులన్నీ ఒకే దిశలో ఉంటేనే అంత సన్నగా వడికినా తెగదు. మిల్లులో పెద్ద యంత్రాలు చేసే దువ్వుడు కూడా అదే సూత్రం మీద నడుస్తుంది. ఈ విషయం తెలిశాక పొందూరు పిల్లకు తన అమ్మమ్మ చేతిలోని దవడ ఎముక వెనకబాటుతనంగా కనబడదు. పట్నం పిల్లవాడికీ కనబడదు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. పోచంపల్లి చీరకు రంగు అద్దకముందు దారాన్ని అర్ధచంద్రాకారంగా దిగ్గొట్టిన మేకుల చుట్టూ తిప్పాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఎక్కువగా ఆడవాళ్లే చేసే పని, భుజం పడిపోయే పని. తల్లి పడే ఆ నొప్పి చూసి చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఇంజనీరింగ్ కాలేజీలోంచి రాలేదు. ఎందుకు రాలేదు? ఆసు అనే పని ఉందనే అక్కడి పిల్లల్లో చాలామందికి తెలియదు కనుక. పని తెలిసినవాళ్లకు చదువు అందలేదు, చదువు అందినవాళ్లకు పని తెలియలేదు. మధ్యలో ఎన్ని భుజాలు అరిగిపోయాయో. ఆ రెంటినీ ఒక గదిలోకి తెమ్మంటున్నాను.

హెడ్మాస్టర్: మల్లేశం గారి గురించి నాకు మారు మాట లేదు. కానీ మీ గదిలోకి వంట కూడా వస్తుంది. ఎవరి వంట? మన పుస్తకాల్లో ‘సమతులాహారం’ బొమ్మ ఎప్పుడు చూసినా అన్నం, పప్పు, కూర, పెరుగు. ఎండుచేపల పులుసు తినే పిల్ల, నల్ల (నెత్తురు) వేపుడు తినే పిల్లవాడు ఆ బొమ్మ ముందు తమ ఇంటి గిన్నె దాచుకోవాలా? ఫలానావాళ్లు వండితే మా పిల్లలు తినరని గొడవపడిన ఊళ్లున్నాయి. మీరు పొయ్యిని తరగతి గదిలోకి తెస్తే కులం దాని వెంటే వస్తుంది.

లెక్చరర్: కులం ఇప్పటికే గదిలో ఉంది, డబ్బా మూతల కింద. మూత తీసి మాట్లాడే పద్ధతి ఒకటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 పదార్థాలున్నాయి. బియ్యం, జొన్న, రాగి, ఆకుకూరలతో పాటు చేపలు, మాంసాలు, గుడ్లు, అన్నీ ఒకే వరసలో, ఒకే కొలతలతో. ఆ పట్టికకు పవిత్రం, అపవిత్రం తెలియవు. ఇనుము గురించి చెప్పేటప్పుడు నల్ల గురించి చెప్పక తప్పదు. నెత్తురులోని ఇనుము ఆకుకూరలోని ఇనుముకంటే చాలా సులువుగా ఒంటబడుతుంది. కాల్షియం గురించి చెప్పేటప్పుడు ముల్లుతో సహా నమిలే చిన్న ఎండుచేప గురించి, రాగి సంకటి గురించి చెప్పాలి. ఏ గిన్నెను చూసి నలుగురూ మొహం తిప్పుకున్నారో ఆ గిన్నె గురించే టీచరు గౌరవంగా రెండు నిమిషాలు మాట్లాడితే ఆ పిల్లవాడు ఇక దాన్ని దాచుకోడు. అందుకే వంటల జాబితాతో సిలబస్ రాయకూడదు. ఉడకడం, పులవడం, ఎండడం, ఊరడం, వేగడం అని ప్రక్రియలతో రాయాలి. ప్రతి ఇంటి వంటా వాటిలోకి వస్తుంది.

హెడ్మాస్టర్: ఇక మార్కులు. పరీక్ష లేకపోతే ఇది పని విద్య గతే పడుతుంది. పరీక్ష పెడితే మర్నాడే గైడు వస్తుంది: ‘పచ్చడిలో ఉప్పు పాత్రను వివరింపుము, నాలుగు మార్కులు.’ జాడీ చూడకుండానే నాలుగుకు నాలుగూ పడతాయి. ఇంగ్లండులోనే ఏ-లెవెల్ నుంచి ఈ సబ్జెక్టును తీసేశారు కదా?

లెక్చరర్: పై స్థాయిలో తీసేశారు. అది పొరపాటని నా అభిప్రాయం. కింద మాత్రం గట్టిపరిచారు. 2014 నుంచి అక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలో పద్నాలుగేళ్ల దాకా వంట ఉంది. 2016లో మొదలైన జీసీఎస్ఈ ఆహార సబ్జెక్టులో సగం మార్కులే రాతపరీక్షకు. మిగతా సగంలో ఒక ప్రయోగం చేసి నివేదిక రాయాలి, మూడు గంటల్లో మూడు వంటకాలు ఆలోచించి చేసి చూపాలి. ఎందుకు ఆ వంటకాలను ఎంచుకున్నారో రాయాలి. గైడు మూడు గంటలు పొయ్యి దగ్గర నిలబడలేదు. మన దగ్గర ప్రశ్న వస్తువుతో పెట్టొచ్చు. రెండు గుడ్డ ముక్కలిచ్చి ఏది ఇక్కత్ నేత, ఏది అచ్చు గుద్దినది అని అడగండి. ఇక్కత్‌లో దారానికే రంగు వేసి నేస్తారు కనుక రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది. అచ్చు గుద్దినదాన్ని తిరగేస్తే వెలిసినట్టుంటుంది. పిల్లవాడు గుడ్డను తిరగేశాడా లేదా అన్నదే పరీక్ష. ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి, అందులో బరువులో అన్నిటికంటే ఎక్కువ ఉన్నదేదో చెప్పమనండి. పదార్థాలను బరువు తగ్గే క్రమంలో అచ్చువెయ్యాలన్న నియమం తెలిసినవాడు మొదటి పేరు చదివి చెప్తాడు.

హెడ్మాస్టర్: పొయ్యిలు, గ్యాసు, నలభై మంది పిల్లలు, నిప్పు. వీటి గురించి నేను వాదించను, డబ్బు పెడితే తీరేవే. రెండు పొయ్యిలతో జట్లు జట్లుగా చేయించొచ్చు. టీచరు పోస్టులు కావాలి. హోంసైన్స్ చదివినవాళ్లు ఉన్నారు కాబట్టి డీఎస్సీలో పోస్టు చూపిస్తే వస్తారు. లెక్కల నుంచి వారానికి ఒక పీరియడ్ కూడా ఇస్తాను, కౌంటు లెక్క చూశాక ఇవ్వబుద్ధి అవుతోంది. కానీ 1953 గురించి మీరిచ్చిన జవాబు మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది. డాక్టరు కొడుకూ నేతగాడి కూతురూ ఒకే బల్ల దగ్గర అన్నారు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే బడిలో లేరు మేడమ్. డాక్టరు కొడుకు కార్పొరేట్ బడిలో ఉన్నాడు. అక్కడ ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. జీవో ప్రభుత్వ బడులకే వస్తే, నా బడి పిల్లలు పొయ్యి దగ్గరా దారం దగ్గరా ఉంటారు, అవతలివాళ్లు కోచింగ్‌లో ఉంటారు. అప్పుడు మీరు తలకిందులు చేశానన్నది మళ్లీ నిటారుగా నిలబడుతుంది.

లెక్చరర్: అప్పుడు నేను కూడా దాన్ని వ్యతిరేకిస్తాను సార్.

హెడ్మాస్టర్: అయితే ఆ జీవో కార్పొరేట్ బడి గోడ మీద ముందు అంటించాలి. పదో తరగతి మెమోలో వాళ్ల పిల్లల పేరు కింద కూడా ఈ సబ్జెక్టు మార్కు ఉండాలి. అది చూసిన రోజున నా బడిలో పొయ్యి వెలిగిస్తాను.